రాత్రి పదిన్నర స్లైడ్: లక్షణాలు లేని ఒక ఫైలేరియా కేసు

ఈ కేసులోని మనిషి నా దగ్గరికి రోగిగా రాలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు, వాపు లేదు. 26 ఏళ్ళు, 60 కిలోలు, డీసీఎం డ్రైవరు. పెళ్ళి కుదిరింది, నెల తిరక్కుండా ముహూర్తం. ఆ పనుల మీద ఊరికొచ్చి నాలుగు రోజులు ఇంటిపట్టున ఉన్నాడు. ఆ నాలుగింట్లో ఒక రాత్రి మా టీమ్ వాళ్ళ వాడకు వెళ్ళింది. వారం అటూ ఇటూ అయి ఉంటే ఆయన ఏ హైవే మీదో బండి నడుపుతూ ఉండేవాడు, రాయడానికి ఈ కేసే ఉండేది కాదు.

తెలంగాణలో ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా ఉన్నప్పటి సంగతి. కరోనా రెండో వేవ్ పోయిన మరుసటి ఏడాది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. ఎవరో గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఊరికి తెలిసిన రోగి

ఆ వాడలో ఫైలేరియా (బోదకాలు జబ్బు) అంటే అందరి వేలూ ఒక అవ్వ ఇంటివైపే చూపిస్తుంది. డెబ్బై దాటిన మనిషి. ఎడమ కాలు మోకాలి కింద నుంచి పాదం దాకా దుంగలా ఉంటుంది. చర్మం గరుకెక్కి మడతలు పడింది, వేళ్ళ సందుల్లో పుండ్లు. ఏడాదికి మూడు నాలుగుసార్లు గజ్జల్లో బిళ్ళలు కట్టి చలిజ్వరం వస్తుంది. అప్పట్లో ఆసరా పింఛన్ 2,016 రూపాయలు వచ్చేది కాబట్టి ఆమె వివరాలు ప్రభుత్వం దగ్గర పక్కాగా ఉన్నాయి. మా రిజిస్టరులోనూ పేరు, వయసు, కాలి గ్రేడు, అన్నీ ఉన్నాయి.

ఊరి రిజిస్టరు వేరే. బోరింగు దగ్గర ఆమె బిందె నింపుకుని పోయాక వెనకున్నవాళ్ళు గొట్టం మూతి కడిగి తమ బిందె పెడతారు. పెళ్ళికి పిలుస్తారు గానీ బంతిలో కూర్చోబెట్టరు, అన్నం ఇంటికి పంపుతారు. ఆమె ఇంటికి రెండిళ్ళ అవతలే మన డ్రైవర్ ఇల్లు. బిందె కడిగేవాళ్ళలో వాళ్ళ అమ్మ కూడా ఉంది. ఇది ఆశా కార్యకర్త నాకు తర్వాత చెప్పింది.

స్లైడ్

ఫైలేరియాకు పగలు రక్తం తీస్తే దాదాపు తీయనట్టే. మన దగ్గర ఈ జబ్బు తెచ్చే పురుగు ఉచెరేరియా బాంక్రాఫ్టి. పెద్ద పురుగులు మనిషి లింఫు నాళాల్లో, అంటే ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో, కాపురముంటాయి. వాటి పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో తలదాచుకుని, రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. పది నుంచి రెండింటి దాకా అవి బాగా కనిపించే వేళ. మురుగుకాలవలో పుట్టిన క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే.

అందుకని మేం రాత్రి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పన్నెండు దాకా తిరుగుతాం. కుక్కలు వెంటపడతాయి. సీరియల్ అయ్యేదాకా ఆగమంటారు. కొందరు మగవాళ్ళు తాగి ఉంటారు, వేలు ఇస్తారు గానీ కదలకుండా ఉండరు. "పొద్దుగాల రారాదా సారూ" అని ప్రతి గుమ్మంలోనూ అడుగుతారు. వాడ కుర్రాళ్ళు ఇద్దరు తోడుంటే తప్ప ఆ వేళ తలుపు తీయించలేం.

వేలి నుంచి 20 మైక్రోలీటర్ల రక్తం తీసి గాజు పలక మీద మందంగా పరుస్తాం. మర్నాడు దాన్ని నీళ్ళలో ఉంచితే ఎరుపు దిగిపోతుంది. తర్వాత జేఎస్‌బీ రంగు వేసి చూడాలి. మా ఎల్టీ (ల్యాబ్ టెక్నీషియన్) రాజమండ్రిలో ఎన్‌సీడీసీ (జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం) శాఖలో ఫైలేరియా శిక్షణ పొందినవాడు. దూది పోగును, మైక్రోఫైలేరియాను కలగాపులగం చేసే రకం కాదు. ఆయన పిలిచి చూపించాడు: ఒంటికి తొడుగు ఉంది, తోక కొస దాకా కేంద్రకాలు లేవు, బాంక్రాఫ్టే. లెక్కపెడితే 14. స్లైడ్ మీద రాసిన వేళ రాత్రి 10.30.

14 అంటే ఎంతో చెప్పాలి. దోమ ఒక విడతలో తాగేది సుమారు రెండు మూడు మైక్రోలీటర్లు. ఆ రక్తంతో పోలిస్తే, ఈయన్ని కుట్టిన దోమ ఒకటో రెండో పిల్లల్ని కడుపులో వేసుకుని పోతుంది. అవి దోమలో సంఖ్య పెరగవు, మలేరియాకు దీనికి అదే పెద్ద తేడా. పది పన్నెండు రోజులు ఎదిగి, ఇంకొకరిని కుట్టినప్పుడు ఆ గాటు దగ్గర చర్మం మీద దిగి లోపలికి దూరతాయి. ఆడా మగా రెండూ చేరాలి, జత కట్టాలి. ఒకట్రెండు కాట్లతో జబ్బు రావడం అరుదు. నెలల తరబడి, వందల కాట్లు పడాలి. కాబట్టి చుట్టంగా వచ్చి ఒక రాత్రి పడుకున్నవాడికి పెద్ద భయం లేదు. రోజూ ఆ కప్పు కింద, ఆ వాడలో పడుకునేవాళ్ళకే ప్రమాదం.

అదే రాత్రి అవ్వకూ రక్తం తీశాం. ఆమె స్లైడ్‌లో ఏమీ లేదు. ఎల్టీ రెండోసారి చూశాడు, నేనూ చూశాను. ఏమీ లేదు.

రెండు స్లైడ్‌లు పక్కపక్కన

పుస్తకంలో ఇది వాక్యంగా చదివిందే. కానీ ఒక వాడలో రెండు గడపల మధ్య చూసినప్పుడు వేరుగా ఉంటుంది. బోదకాలు పురుగు బతికుండగా వచ్చే జబ్బు అనడం కంటే, పురుగు చేసిపోయిన నాశనం అనడం సబబు. ఏళ్ళ తరబడి లోపలున్న పురుగులు లింఫు నాళాలను సాగదీసి, కవాటాలు పాడుచేస్తాయి. తర్వాత అవి చచ్చిపోయినా నాళాలు మళ్ళీ బాగుపడవు. నీరు దిగదు, వేళ్ళ సందుల్లోంచి బాక్టీరియా పోతుంది, జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది. అంత పెద్ద కాలు వచ్చేసరికి చాలామందిలో రక్తంలో పిల్లలు మిగలవు. అవ్వకు కావాల్సింది ఒంట్లో పురుగుల్ని చంపే గోలీలు కాదు. సబ్బు, టబ్బు, పొడిగుడ్డ, వేళ్ళ మధ్య లేపనం, జ్వరం వస్తే యాంటీబయోటిక్.

ఆ డ్రైవర్ లోపల మాత్రం పురుగులు నిండు ప్రాయంలో ఉన్నాయి. సోకినవాళ్ళలో ఎక్కువమందిది ఆ కుర్రాడి పరిస్థితే. బయటికి ఏమీ కనిపించదు, రోజూ రాత్రి దోమలకు పురుగు అందిస్తూనే ఉంటారు. పెద్ద పురుగు ఆరేడేళ్ళు బతుకుతుంది. అన్నాళ్ళూ పిల్లలు పెడుతూనే ఉంటుంది.

ఊరు తప్పు గుమ్మం ముందు భయపడుతోంది. మేం కూడా కొంతవరకు తప్పు గుమ్మాన్నే లెక్కపెడుతున్నాం. ఓపీలో కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటే మాకు దొరికేది పాతికేళ్ళ కిందటి వ్యాప్తి. ఈ ఏడాది జరుగుతున్నది దొరకదు.

నీళ్ళ వల్ల వస్తుందనే నమ్మకం ఇంకా ఉంది, అందుకే ఆ బిందె కడగడం. ఊరివాళ్ళను ఎగతాళి చేయలేను. 1877లో చైనాలోని అమోయ్ రేవులో, ఫైలేరియా పిల్లలు దోమలో ఎదుగుతాయని మొదట చూసిన పాట్రిక్ మాన్సన్ కూడా, దోమ నీళ్ళలో పడి చస్తే ఆ నీళ్ళు తాగినవాళ్ళకు జబ్బు వస్తుందనుకున్నాడు. దోమ తొండంలో పురుగు కనిపించి, కాటుతోనే వస్తుందని తేలడానికి 1900 దాకా పట్టింది.

"నాకేం కాలే సారూ"

ఆయన్ని పీహెచ్‌సీకి పిలిపించలేదు. పిలిపిస్తే ఊరంతా అడుగుతుంది. సబ్‌సెంటర్‌లో సాయంత్రం, ఏఎన్‌ఎం కూడా వెళ్ళిపోయాక ఒక్కడినే కూర్చోబెట్టి చెప్పాను.

"నాకేం కాలే సారూ. మంచిగనే ఉన్న గదా" అన్నాడు. కాసేపాగి, "కరోనా లెక్కనా? లక్షణాలు లేకుండా పాజిటివ్ అంటరు, గట్లనా?" అని అడిగాడు. నాలుగేళ్ళ ముందైతే ఈ మాట నేను అరగంట విడమరిచి చెప్పాల్సి వచ్చేది. ఒక రకంగా కరోనా మా పని తేలిక చేసింది. ఇంకో రకంగా చెడగొట్టింది, ఎందుకంటే పాజిటివ్ అంటే ఇంటికి స్టిక్కర్, గదిలో బందీ అని గుర్తు. ఆయన మొదటి టెన్షన్ అదే. "ఎవలికి చెప్పకుండ్రి సారూ, లగ్గం ఆగుతది."

చెప్పనన్నాను. అమ్మాయి తరఫువాళ్ళకు చెప్పాలా వద్దా అన్నది నాకు నేనే వేసుకున్న ప్రశ్న. ఇది ముట్టుకుంటే రాదు, కాపురం చేస్తే రాదు, మందుతో రక్తంలోంచి పోతుంది. అలాంటప్పుడు ఆయన ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదు. పెళ్ళిలోపు పన్నెండు రోజుల మందు పూర్తి చేయి, దోమతెర కట్టుకో అన్నాను. ఒంట్లో ఏ బాధా లేనివాడు పన్నెండు రోజులు గోలీలు ఎందుకు మింగాలి? ఆయన తల ఊపాడు గానీ ముఖంలో ఒప్పుకోలు లేదు.

ఇక్కడ ప్రతి డాక్టరుకూ టైఫాయిడ్ మేరీ గుర్తొస్తుంది. న్యూయార్క్‌లో వంటమనిషి మేరీ మాలన్. 1907లో ఆమె మలంలో టైఫాయిడ్ క్రిములు దొరికాయి, ఆమెకు మాత్రం ఏ జబ్బూ లేదు. తాను జబ్బు పంచుతున్నానని చివరిదాకా నమ్మలేదు. మూడేళ్ళు దీవిలో ఉంచి వంట చేయకూడదన్న షరతుతో వదిలారు, మళ్ళీ వంటపనిలో దొరికింది. 1915 నుంచి 1938లో చనిపోయేదాకా ఆ దీవిలోనే ఉంచేశారు. ఆమె మొండిదని రాస్తారు. ఒంట్లో ఏమీ తెలియని మనిషిని "నీవల్ల" అని మొదలుపెడితే ఎవరైనా అలాగే మొండికేస్తారని నా అనుభవం. నేనూ ఆ సాయంత్రం సగం మాటలు "నీ నుంచి ఇతరులకు" అనే మాట్లాడాను. అది పొరపాటు.

దాన్ని సరిదిద్దింది స్కాన్ గది. పైకి బాగున్నట్టు ఉన్నా లోపల దెబ్బ మొదలై ఉంటుంది. లింఫు నాళాలు వెడల్పవుతాయి, కొందరి మూత్రంలో కంటికి కనపడనంత రక్తం, ప్రొటీన్ పోతుంటాయి. మగవాళ్ళలో పురుగుల గూడు తరచుగా వృషణాల దగ్గరి నాళాల్లో ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్‌కు రాశాను. రేడియాలజిస్టు ఓపికగల మనిషి, స్క్రీన్ ఆయనవైపు తిప్పి చూపించారు. వెడల్పయిన నాళంలో తెల్లటి పోగుల్లాంటివి ఆగకుండా మెలికలు తిరుగుతున్నాయి. మా భాషలో దాన్ని ఫైలేరియల్ డాన్స్ సైన్ అంటారు. వరిబీజానికి దారి అటే అని చెప్పారు.

తిరిగొచ్చి నాతో ఒక్కటే అడిగాడు. "ఎన్నేండ్ల సంది ఉన్నయి సారూ అవి?"

సందూకులో పొట్లాలు

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మా సామూహిక మందుల పంపిణీ రిజిస్టరు తీశాను. మన దేశంలో 2004 నుంచి ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ ఫైలేరియా పురుగుల్ని చంపే డీఈసీ గోలీలు ఇస్తున్నారు, తర్వాత ఆల్బెండజోల్ కలిపారు. రెండేళ్ళు నిండని పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్ళకు తప్ప అందరికీ. పెద్దవాళ్ళకు డీఈసీ మూడు, ఆల్బెండజోల్ ఒకటి. ఎవరి రక్తంలో ఏముందో తెలియకుండానే అందరికీ ఇవ్వడంలోని తర్కం ఇదే: మోస్తున్నవాడికి తెలియదు, మాకూ తెలియదు, రాత్రిపూట అందరి వేలూ గుచ్చలేం.

రిజిస్టరులో ఆయన పేరు ఎదురుగా మూడు రౌండ్లకు మూడు టిక్కులు. మూడుసార్లు మింగిన మనిషిలో అంత హుషారుగా పురుగులుండటం నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆశా కార్యకర్తను అడిగాను. తిడతానని భయపడి మొదట "మింగిండు సారూ" అంది. మళ్ళీ మెల్లగా అడిగితే నిజం చెప్పింది. ఆయన ఎప్పుడూ ఇంట్లో లేడు. అమ్మ చేతికిచ్చి, "వచ్చినంక ఇయ్యమ్మా" అని చెప్పి టిక్కు పెట్టింది.

వాళ్ళింటికి వెళ్ళి అడిగితే అమ్మ సందూకు తెరిచింది. పట్టుచీర మడతల కింద పేపరు పొట్లాలు మూడు. ఒక్కో దాంట్లో మూడు చిన్న గోలీలు, ఒక పెద్దది. పారేయలేదు, పనికొస్తాయని దాచింది.

ఆశా కార్యకర్తను నేను తప్పు పట్టలేదు. గడువు ముగిసేలోపు శాతం చూపించమని ఆమె మీద ఒత్తిడి పెట్టింది మేమే. సాయంత్రం ఆరింటికి "ఎంత కవరేజ్?" అని ఫోన్ చేసేది నేనే. పంచడం వేరు, మింగించడం వేరు. ఆ రెండింటి మధ్య తేడా ఈ సందూకులో ఉంది.

ఇంకాస్త లోతుకు వెళ్ళాలి. ఏటా మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మింగితే వ్యాప్తి తెగుతుందని లెక్క. మిగతా 35 శాతం ఎవరన్నదే ప్రశ్న. ప్రతి ఏడూ వేరే వేరే మనుషులు తప్పిపోతుంటే, అయిదు రౌండ్లలో ఒక్కసారి కూడా మింగనివాళ్ళు వెయ్యికి అయిదుగురే మిగులుతారు (0.35ను అయిదుసార్లు హెచ్చిస్తే వచ్చేది అంతే). ప్రతిసారీ అదే మనుషులు తప్పిపోతే వెయ్యికి 350 మంది. రెండు ఊళ్ళలోనూ కాగితం మీద కవరేజ్ 65 శాతమే. ఒకచోట జబ్బు పోతుంది, ఇంకోచోట ఉండిపోతుంది. నిజం ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. కానీ డ్రైవర్లు, నైట్ డ్యూటీలవాళ్ళు, ఇటుకబట్టీలకు వలసపోయేవాళ్ళు, "నాకేం కాలే" అనే పడుచువాళ్ళు ఏటా తప్పిపోయేవాళ్ళే. రాత్రి సర్వేలో కూడా వాళ్ళే ఇంట్లో ఉండరు. మందుకు దొరకనివాడు పరీక్షకూ దొరకడు కాబట్టి, మన లెక్కలు రెండూ ఒకేవైపు తప్పుతాయి.

చైనా ఈ చిక్కును ఉప్పుతో దాటింది. డీఈసీ కలిపిన ఉప్పును నెలల తరబడి జనం చేత తినిపించింది, 2007లో ఫైలేరియా నిర్మూలన ప్రకటించింది. మన దగ్గర కారైకాల్‌లోనూ లక్షద్వీప్‌లోనూ ఆ ఉప్పు పంచి చూశారు. డ్రైవర్ ఏ ఊళ్ళో ఉన్నా కూరలో ఉప్పు తింటాడు. గోలీకి ఆ సౌలభ్యం లేదు.

మందు, జ్వరం, గొడవ

డీఈసీ కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున రోజూ, పన్నెండు రోజులు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటిన్నర, అన్నం తిన్నాకే. తలనొప్పి, జ్వరం రావచ్చని ఆయనకు చెప్పాను. అమ్మకు చెప్పలేదు. రహస్యం కాపాడుతున్నానన్న ధ్యాసలో, రాత్రి ఆయన పక్కన ఉండేది ఆమే కదా అన్నది మరిచాను.

రెండో రాత్రి జ్వరం 102. తల బద్దలైపోతోంది. మూడో రోజుకు వృషణం పక్కన చిన్న గడ్డలా కట్టి ముట్టుకోనివ్వలేదు. అమ్మ ఆశా కార్యకర్త ఇంటి ముందుకొచ్చి, "ఏం గోలీలిచ్చిండ్రే నా కొడుక్కు? లగ్గం పిల్లగాన్ని పండబెడితిరి" అని వాడంతా వినేలా అడిగింది. మా సామూహిక పంపిణీ ఇంకో రెండు వారాల్లో ఉంది. సాయంత్రానికి ఊళ్ళో మాట మారిపోయింది: ఆ గోలీలు మింగితే మగతనం పోతుందట.

వైద్యపరంగా ఇది మంచి కబురు. డీఈసీ వల్ల పిల్లలు కుప్పలుగా చచ్చినప్పుడు ఒళ్ళు వాటితో పోరాడుతుంది, అదే జ్వరం. ఆ గడ్డ చచ్చిన పెద్ద పురుగు చుట్టూ కట్టింది. పురుగులు లేనివాడు అవే గోలీలు మింగితే మామూలుగా పెద్దగా ఏమీ తెలియదు. అంటే మందు అవసరం లేనివాడికి హాయి, అవసరమున్నవాడికి బాధ. ఇలాంటి మందును నమ్మించడం ఎంత కష్టమో చూడండి: పని చేసిన చోటే చెడ్డపేరు వస్తుంది.

ఒక రోజు మందు ఆపి, పారాసిటమాల్ ఇచ్చి, రెండు పూటలా నేనే వెళ్ళి చూశాను. నాలుగో రోజుకు జ్వరం దిగింది, మళ్ళీ మొదలుపెట్టాం, పన్నెండూ పూర్తయ్యాయి. అప్పటికి కొడుకే అమ్మకు విషయం చెప్పుకున్నాడు. స్కాన్‌లో చూసింది చేతివేళ్ళు మెలితిప్పి మరీ చూపించాడట.

ఆ ఇంట్లో అందరికీ పరీక్ష చేశాం. అన్నగారి ఏడేళ్ళ పాపకు ఫైలేరియా టెస్ట్ స్ట్రిప్ పాజిటివ్ వచ్చింది. వేలి నుంచి కాస్త ఎక్కువ రక్తం తీసి స్ట్రిప్ మీద వేస్తే పది నిమిషాల్లో గీత వస్తుంది. ఇది పెద్ద పురుగు ఆనవాలును పడుతుంది కాబట్టి పగలైనా చేయొచ్చు. పాపకు ఏ బాధా లేదు, బడికి పోతోంది, ఆడుకుంటోంది. పంపిణీ ఆపొచ్చా లేదా అని తేల్చే సర్వేలో ఆరేడేళ్ళ పిల్లలనే ఎందుకు చూస్తారంటే ఇందుకే. డెబ్బై ఏళ్ళ అవ్వ కాలు ఎప్పటి కాట్లతో మొదలైందో ఎవరూ చెప్పలేరు. ఏడేళ్ళ పిల్లకు పురుగు ఉందంటే మాత్రం ఈ ఏడేళ్ళలోనే, ఈ వాడలోనే ఎక్కడో కుట్టి ఉండాలి. బాబాయి నుంచే వచ్చిందని నేననలేదు. అలా తేల్చే పరీక్ష మా చేతిలో లేదు, వాడలో ఇంకా ఎందరున్నారో తెలియదు. అమ్మ కూడా అడగలేదు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎంతసేపో తల నిమురుతూ ఉండిపోయింది.

పంపిణీ రోజు

గ్రామపంచాయతీ దగ్గర మీటింగు పెట్టాం. మొదటి డిమాండ్ పొగ మందు. ఎప్పుడూ అదే. ఫాగింగ్ మెషిన్ తిరిగితే చప్పుడు వస్తుంది, పొగ కనిపిస్తుంది, ఏదో జరిగిందన్న తృప్తి ఉంటుంది. వాడ చివర నిలిచిన మురుగు, సెప్టిక్ ట్యాంకుల గొట్టాలకు లేని దోమల జాలీ, వాటి గురించి ఎవరూ అడగరు. పంచాయతీ కార్యదర్శి గొట్టాలకు జాలీ కట్టించడానికి ఒప్పుకున్నాడు, అది మాత్రం నిజంగా చేయించాడు కూడా.

రెండో ప్రశ్న వెనక వరసలోంచి వచ్చింది. "మీరు మింగిండ్రా సారూ?"

నేను మింగలేదు. అక్కడ పనిచేసిన రెండేళ్ళలో ఒక్క రౌండూ మింగలేదు. క్వార్టర్స్‌లో ఉంటున్నాను, దోమలు కుడుతున్నాయి, నా వేలు నుంచి ఒక్క స్లైడూ తీయలేదు. రిజిస్టరులో మా సిబ్బందికి టిక్కులున్నాయో లేదో కూడా నాకు తెలియదు. లేదన్నాను. అప్పటికే అన్నం తిని వచ్చాను కాబట్టి అక్కడే మింగాను. ఎల్టీ, ఆశా కార్యకర్తలు, కార్యదర్శి మింగారు. చప్పట్లేమీ కొట్టలేదు. కొందరు రాత్రికి నాకు జ్వరం వస్తుందేమోనని మర్నాడు చూసి చెబుదామన్నారు. నాకు జ్వరం రాలేదు, దాన్ని వాళ్ళు ఒక సాక్ష్యంగానే తీసుకున్నారు.

అవ్వకూ గోలీలు ఇచ్చాం, ఆమె వయసులో ఇవ్వడానికి అడ్డేమీ లేదు. కానీ ఆమెకు అసలైన సాయం టబ్బు, సబ్బు, కాలు కడిగి ఆరబెట్టే పద్ధతి నేర్పిన ఏఎన్‌ఎం చేసింది. ఆ వానాకాలం ఆమెకు ఒక్కసారే బిళ్ళలు కట్టాయి. బోరింగు దగ్గర బిందెల సంగతి అడిగితే ఆశా కార్యకర్త కాస్త నవ్వి, "కొందరు ఇంకా కడుగుతున్నరు సారూ. డ్రైవర్ వాళ్ళమ్మ కడుగుత లేదు" అంది.

ఆ రౌండు నుంచి మేం మార్చింది ఒకటే. ఆశా కార్యకర్తల రిజిస్టరులో టిక్కు బదులు మూడు గుర్తులు: నా ఎదురుగా మింగాడు, ఇంట్లో ఇచ్చి వచ్చాను, మనిషి ఊళ్ళో లేడు. కవరేజ్ శాతం ఒక్కసారిగా పడిపోయింది. పైనుంచి ఫోన్లు వచ్చాయి. మూడో గుర్తున్న పేర్లను వేరే కాగితం మీద రాసి, సంక్రాంతికి, దసరాకు, జాతరకు ఊరికి వచ్చినప్పుడు పట్టుకోమని ఇచ్చాం. శ్రీలంక 2016లో ఫైలేరియా సమస్యను తొలగించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది, మనం 2027 గడువు పెట్టుకున్నాం. జబ్బు తగ్గేకొద్దీ మిగిలేది ఇలాంటి జాబితాల్లోని మనుషులే.

తర్వాత

పెళ్ళి అనుకున్న రోజునే జరిగింది. ఆరు నెలలకు తీసిన స్లైడ్‌లో ఒక్క మైక్రోఫైలేరియా కనిపించింది. 14 నుంచి ఒకటికి. పెద్ద పురుగులు అన్నీ చావలేదన్నమాట. మళ్ళీ ఒక కోర్సు ఇచ్చాం, ఈసారి జ్వరం పెద్దగా రాలేదు. స్ట్రిప్ పరీక్షను ఫాలో అప్‌కు వాడలేదు, పురుగులు పోయినా ఆనవాలు ఒంట్లో చాలాకాలం ఉండి గీత వస్తూనే ఉంటుంది. రాత్రి స్లైడే నమ్మకం.

ఏడాది స్లైడ్‌కు మూడుసార్లు తేదీ ఇచ్చాం, మూడుసార్లూ ఆయన రోడ్డు మీదున్నాడు. చివరికి ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. "సారూ, దవాఖాన ముందటనే బండి ఆపిన. లోడు పొద్దుగాలకల్ల దించాలె. టైము మంచిదే కదా, ఇప్పుడు రక్తం తీస్తరా?"

ఎల్టీని నిద్ర లేపాను. లుంగీ మీదే వచ్చి, డీసీఎం హెడ్‌లైట్ వెలుగులో వేలు గుచ్చి, పలక మీద రాశాడు: 11.20. మర్నాడు ఆ స్లైడ్‌లో ఏమీ లేదు.